డీఎన్ఏ అణువును చేత్తో గీసి, దాని ధర్మాలను ఆ బొమ్మలోంచే చదవడం ఎలా

డీఎన్ఏ అనగానే చాలామందికి మెలి తిరిగిన నిచ్చెన బొమ్మ గుర్తుకు వస్తుంది. ఆ బొమ్మ అందమైనదే కాని, రసాయన నిర్మాణాన్ని అర్థం చేసుకోవాలనుకునేవారికి అది చూపేదానికంటే దాచేదే ఎక్కువ. నిచ్చెన నిలువు కర్రలు ఎందుకు ఎదురెదురు దిశల్లో సాగుతాయో, మెట్లన్నీ ఎందుకు ఒకే వెడల్పులో ఉంటాయో, ఉప్పునీటిలో గట్టిగా నిలిచే జంట ఉప్పు లేని నీటిలో ఎందుకు తక్కువ వేడికే విడిపోతుందో ఆ బొమ్మ చెప్పదు. అణువును చక్కెరతో మొదలుపెట్టి ఒక్కొక్క భాగంగా స్వయంగా గీసినవారికి మాత్రం ఈ జవాబులు కాగితం మీదే దొరుకుతాయి. కావలసింది ఒక పెన్సిలు, ఎరుపు, నీలం కలాలు, కొన్ని తెల్ల కాగితాలు, ఓ గంటన్నర తీరిక. గీతలు చక్కగా రాకపోయినా ఫరవాలేదు. ఏ పరమాణువు ఎక్కడుందో తప్పు పోకుండా ఉంటే చాలు.

చక్కెరతో మొదలుపెట్టండి

కాగితం మధ్యలో ఒక శీర్షం పైకి ఉండేలా పంచభుజిని గీయండి. ఆ పై శీర్షంలో ఆక్సిజన్‌ను, మిగిలిన నాలుగు శీర్షాల్లో కార్బన్లను ఉంచండి. ఆక్సిజన్‌కు కుడి పక్కనున్న కార్బన్‌కు 1′ అని అంకె వేసి, గడియారపు ముల్లు తిరిగే దిశలో వరుసగా 2′, 3′, 4′ అని రాయండి. ఐదో కార్బన్ వలయంలో ఉండదు. 4′ నుంచి పైకి ఒక గీత గీసి, దాని కొసన 5′ అని గుర్తించండి. అంకెల పక్కనున్న ఆ చిన్న గీతను ‘ప్రైమ్’ అని చదువుతారు. తరువాత రాబోయే క్షారాల (నిచ్చెన మెట్లుగా అమరే నైట్రోజన్ వలయాల) కు కూడా అంకెలుంటాయి కాబట్టి, రెండూ కలిసిపోకుండా చక్కెర అంకెలకు ఈ గుర్తు పెడతారు.

ఇప్పుడు 1′ నుంచి పైకి క్షారం కోసం ఒక ఖాళీ గీత, 3′ నుంచి కిందికి ఒక హైడ్రాక్సిల్ (OH) సమూహం, 5′ మీద మరో హైడ్రాక్సిల్ సమూహం గీయండి. 2′ దగ్గర రెండు హైడ్రోజన్లు తప్ప ఏమీ గీయవద్దు. ఆ 2′ చుట్టూ ఎర్ర కలంతో ఒక సున్నా చుట్టండి. అక్కడ హైడ్రాక్సిల్ ఉంటే ఆ చక్కెర రైబోజ్, అణువు ఆర్ఎన్ఏ అవుతుంది. లేనందువల్ల ఇది డీఆక్సీరైబోజ్, అంటే ఒక ఆక్సిజన్ తొలగిన రైబోజ్. రైబోజ్‌లో ఐదు ఆక్సిజన్ పరమాణువులుంటే ఇందులో నాలుగే ఉంటాయి. ఫీబస్ లెవీన్ ఈ చక్కెరను 1929లో గుర్తించాడు. విద్యార్థులు అలవాటుగా అన్ని కార్బన్లకూ హైడ్రాక్సిల్‌ను తగిలించేస్తుంటారు. ఆ ఒక్క పొరపాటుతో గీసిన అణువే మారిపోతుంది. ఎర్ర సున్నాను చెరపకండి, చివర్లో దానితో పని ఉంది.

ఫాస్ఫేట్, గొలుసు, దిశ

5′ మీది ఆక్సిజన్‌కు ఒక ఫాస్ఫరస్ పరమాణువును కలిపి, దాని చుట్టూ మొత్తం నాలుగు ఆక్సిజన్లు ఉండేలా గీయండి. వాటిలో ఒకటి ఇప్పటికే 5′ కార్బన్‌తో కలిసి ఉంది. రెండోదాన్ని పై చక్కెర 3′ కార్బన్‌తో కలపడం కోసం ఖాళీగా ఉంచండి. మూడోది ఫాస్ఫరస్‌తో ద్విబంధంలో ఉంటుంది. నాలుగోదాని మీద నీలి కలంతో ఋణ గుర్తు పెట్టండి. నిజానికి ఆ ఋణావేశం మూడో, నాలుగో ఆక్సిజన్ల మధ్య పంచుకొని ఉంటుంది, కాని గీతలో ఒకదాని మీద చూపడం ఆనవాయితీ.

ఇలాంటి చక్కెర, ఫాస్ఫేట్ జతలను ఒకదాని కింద ఒకటిగా నాలుగైదు గీసి, పై చక్కెర 3′ను కింది చక్కెర 5′తో ఫాస్ఫేట్ ద్వారా కలుపుకుంటూ వెళ్లండి. ఒకే ఫాస్ఫేట్ రెండు వైపులా ఎస్టర్ బంధాలు ఏర్పరుస్తున్నది కాబట్టి దీన్ని ఫాస్ఫోడైఎస్టర్ బంధం అంటారు. గీత పూర్తయ్యాక రెండు కొసలనూ చూడండి. పై కొసన జత లేని 5′, కింది కొసన జత లేని 3′ మిగులుతాయి. గొలుసుకు దిశ ఉందని చెప్పడానికి ఇంతకంటే వేరే కారణం అవసరం లేదు. కణంలో గొలుసు పెరిగేటప్పుడు మూడు ఫాస్ఫేట్లున్న న్యూక్లియోటైడ్ (చక్కెర, క్షారం, ఫాస్ఫేట్ కలిసిన భాగం) వచ్చి, వాటిలో రెండింటిని వదిలి, మిగిలిన ఒక్కదానితో అప్పటికే ఉన్న గొలుసు 3′ కొసకు అతుక్కుంటుంది. అందుకే డీఎన్ఏ ఎప్పుడూ 5′ నుంచి 3′ వైపే పెరుగుతుంది, వరుస క్రమాన్ని కూడా అదే దిశలో రాస్తారు.

క్షారాలు: ఇక్కడ తొందరపడవద్దు

పిరమిడిన్‌కు ఒక షడ్భుజి గీసి, 1, 3 స్థానాల్లో నైట్రోజన్లు ఉంచండి. ప్యూరిన్‌కు షడ్భుజిని, దాని ఒక భుజాన్ని పంచుకునే పంచభుజిని కలిపి గీసి, 1, 3, 7, 9 స్థానాల్లో నైట్రోజన్లు ఉంచండి. పేరు పొడవుగా ఉన్న పిరమిడిన్ చిన్నది, పేరు పొట్టిగా ఉన్న ప్యూరిన్ పెద్దది అని గుర్తుంచుకుంటే తారుమారు కాదు. అడినిన్, గ్వానిన్ ప్యూరిన్లు. సైటోసిన్, థైమిన్ పిరమిడిన్లు. చక్కెర 1′ కార్బన్‌తో ప్యూరిన్ తన 9వ నైట్రోజన్ ద్వారా, పిరమిడిన్ తన 1వ నైట్రోజన్ ద్వారా కలుస్తాయి. ఈ కలయికను గ్లైకోసిడిక్ బంధం అంటారు.

వలయాల అంచుల్లో ఏముందన్నదే ఇప్పుడు ముఖ్యం. అడినిన్‌కు 6వ స్థానంలో ఎమైన్ (NH₂) సమూహం ఉంటుంది. గ్వానిన్‌కు 6వ స్థానంలో ఆక్సిజన్, 1వ నైట్రోజన్ మీద హైడ్రోజన్, 2వ స్థానంలో ఎమైన్ ఉంటాయి. సైటోసిన్‌కు 4వ స్థానంలో ఎమైన్, 2వ స్థానంలో ఆక్సిజన్ ఉంటాయి. థైమిన్‌కు 2, 4 స్థానాల్లో ఆక్సిజన్లు, 3వ నైట్రోజన్ మీద హైడ్రోజన్, 5వ కార్బన్ మీద ఒక మిథైల్ (CH₃) సమూహం ఉంటాయి. ఆ ఆక్సిజన్లను ద్విబంధంతో కీటో రూపంలోనే గీయాలి. 1953 నాటి పాఠ్యపుస్తకాల్లో వీటిని హైడ్రాక్సిల్ ఉన్న ఈనాల్ రూపంలో చూపేవారు. క్రిక్‌తో కలిసి డీఎన్ఏ నమూనాను రూపొందించిన వాట్సన్ కూడా మొదట అలాగే కాగితపు ముక్కలు కత్తిరించుకొని జతలు కుదరక ఇబ్బంది పడ్డాడు. జెర్రీ డొనొహ్యూ అనే రసాయనశాస్త్రవేత్త ఆ పొరపాటును ఎత్తి చూపాకే ముక్కలు ఒకదానితో ఒకటి అమరాయి.

ఆ పనినే ఇప్పుడు మీరూ చేయవచ్చు. నాలుగు చిన్న కాగితపు ముక్కలు తీసుకొని, ఒక్కో క్షారానికి ఒకటి కేటాయించి, జత కట్టే అంచున పై నుంచి కిందికి మూడు గుర్తులు వేయండి. హైడ్రోజన్‌ను ఇవ్వగలిగిన చోట బయటికి బాణం, స్వీకరించగలిగిన చోట లోపలికి బాణం, ఏదీ కాకపోతే ఖాళీ. అడినిన్‌కు ఈ వరుస బయటికి, లోపలికి, ఖాళీ అవుతుంది. థైమిన్‌కు లోపలికి, బయటికి, లోపలికి. గ్వానిన్‌కు లోపలికి, బయటికి, బయటికి. సైటోసిన్‌కు బయటికి, లోపలికి, లోపలికి. ఇప్పుడు ముక్కలను ఎదురెదురుగా పెట్టి చూడండి. అడినిన్ ఎదుట థైమిన్‌ను పెడితే పై రెండు బాణాలూ కలుస్తాయి, మూడోచోట అడినిన్ వైపు ఇచ్చేదేమీ లేదు. అందుకే వాటి మధ్య రెండే హైడ్రోజన్ బంధాలు. గ్వానిన్ ఎదుట సైటోసిన్‌ను పెడితే మూడు బాణాలూ కలుస్తాయి. అడినిన్ ఎదుట సైటోసిన్‌ను పెడితే ఇచ్చేది ఇచ్చేదానికి, పుచ్చుకొనేది పుచ్చుకొనేదానికి ఎదురై ఒక్కటీ కుదరదు. గ్వానిన్ ఎదుట థైమిన్‌ను పెడితే పై రెండు చోట్లా ఇలాగే ఎదురవుతాయి, మూడోచోట మాత్రమే బాణాలు కలుస్తాయి. అవి కొంచెం పక్కకు జరిగి జత కట్టగలవు కాని, అప్పుడు జత ఆకారం మారిపోతుంది. రెండు ప్యూరిన్లను కలిపితే వెడల్పు ఎక్కువవుతుంది, రెండు పిరమిడిన్లను కలిపితే తక్కువవుతుంది. ఒక పెద్దది, ఒక చిన్నది కలిసినప్పుడే మెట్లన్నీ సమానమైన పొడవులో వస్తాయి.

అడినిన్, థైమిన్ పరిమాణాలు సమానమని, గ్వానిన్, సైటోసిన్ పరిమాణాలు సమానమని ఎర్విన్ చార్గాఫ్ 1950 నాటికే కొలిచి చూపాడు. మనిషి డీఎన్ఏలో మొదటి రెండూ చెరి 30 శాతం, తరువాతి రెండూ చెరి 20 శాతం వరకు ఉంటాయి. నాలుగు క్షారాలూ సమానంగా, ఒకే వరుసలో మళ్లీ మళ్లీ వస్తాయన్న పాత ఊహ ఆ కొలతలతోనే కూలిపోయింది. ఒక జీవి డీఎన్ఏలో గ్వానిన్ శాతం తెలిస్తే మిగిలిన మూడింటినీ లెక్కగట్టవచ్చు: గ్వానిన్ 22 శాతమైతే సైటోసిన్ కూడా 22, మిగిలిన 56లో అడినిన్ 28, థైమిన్ 28.

రెండో పోగు, మెలిక

రెండో పోగును గీయడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. క్షారాలు కుడివైపుకు చాచి ఉండేలా గీసిన మొదటి గొలుసు కాగితాన్ని పక్కన పెట్టి, మరో కాగితం మీద అలాంటిదే ఇంకొకటి గీసి, ఆ రెండో కాగితాన్ని తలకిందులుగా తిప్పి మొదటిదాని కుడి పక్కన పెట్టండి. ఇప్పుడు క్షారాలు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. ఒక పోగు చక్కెరల్లో ఆక్సిజన్ పైకి, రెండోదానిలో కిందికి చూస్తున్నది. ఎడమ పోగు 5′ నుంచి 3′కు దిగుతుంటే కుడి పోగు 3′ నుంచి 5′కు దిగుతున్నది. ప్రతిసమాంతరం అనే మాటకు అర్థం ఇదే. మధ్యలో హైడ్రోజన్ బంధాలను చుక్కల గీతలతోనే చూపండి. వాటిని నిండు గీతలుగా గీస్తే బలమైన సమయోజనీయ బంధాలకు, వీటికి ఉన్న తేడా కంటికి కనిపించకుండా పోతుంది.

అభ్యాసంగా ఒక పోగు మీద 5′ నుంచి 3′ వరకు ఏ, జీ, సీ, సీ, టీ, జీ, ఏ అని రాయండి. దాని ఎదుట వరుసగా టీ, సీ, జీ, జీ, ఏ, సీ, టీ వస్తాయి. కాని ఆ రెండో పోగును ఆనవాయితీ ప్రకారం 5′ నుంచి రాయాలంటే వరుస తిరగబడి టీ, సీ, ఏ, జీ, జీ, సీ, టీ అవుతుంది. ప్రయోగశాలల్లో కూడా ఈ తిరగరాయడం మరిచిపోవడం వల్ల పనికిరాని ప్రైమర్లు (కొత్త పోగును మొదలుపెట్టడానికి వాడే చిన్న డీఎన్ఏ ముక్కలు) తయారవుతుంటాయి. ఈ ముక్కలో మూడు ఏ–టీ జతలకు ఆరు, నాలుగు జీ–సీ జతలకు పన్నెండు, మొత్తం 18 హైడ్రోజన్ బంధాలున్నాయి.

ఫాస్ఫేట్లను బయటి వైపునే ఉంచాలి. 1953 ఆరంభంలో లైనస్ పౌలింగ్ ప్రతిపాదించిన మూడు పోగుల నమూనాలో అవి మధ్యలో ఉన్నాయి. ఋణావేశాలన్నీ ఒకచోట ఇరుక్కుంటే ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి అది నిలవలేదు. నీటిని ఇష్టపడే ఫాస్ఫేట్లు బయట ఉండాలని రోసలిండ్ ఫ్రాంక్లిన్ తన ఎక్స్‌రే కొలతల నుంచి గ్రహించింది. ఆమె ప్రయోగశాలలో 1952 మే నెలలో రేమండ్ గోస్లింగ్ తీసిన 51వ చిత్రం, మెలిక ఉందనడానికి స్పష్టమైన ఆధారమైంది. 1953 ఏప్రిల్ 25న వాట్సన్, క్రిక్‌ల నమూనా, విల్కిన్స్ బృందం, ఫ్రాంక్లిన్, గోస్లింగ్‌ల కొలతలు ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో వెలువడ్డాయి.

మెలికను గీసేటప్పుడు కుడిచేతి మెలికగానే గీయాలి. అణువును నిలువుగా పెట్టినప్పుడు మన వైపు కనిపించే పోగు ఎడమ కింది నుంచి కుడి పైకి ఎక్కాలి. అచ్చయిన బొమ్మల్లో అద్దంలో చూసినట్టు తిరగబడినవి తరచూ కనిపిస్తాయి కాబట్టి, చూసి గీసేవారు ఈ ఒక్క పరీక్ష చేయడం మంచిది. అడ్డంగా 2 నానోమీటర్ల వ్యాసం, ఒక జతకు మరో జతకు మధ్య 0.34 నానోమీటర్లు, ఒక్కో చుట్టుకు సుమారు 10.5 జతలు అనేవి గుర్తుంచుకోవలసిన కొలతలు. రెండు చక్కెరలూ జతకు సరిగ్గా ఎదురెదురుగా కాక ఒక పక్కకు ఒరిగి అతుక్కుంటాయి కాబట్టి, మెలిక మీద సుమారు 2.2 నానోమీటర్ల వెడల్పు గాడి ఒకటి, 1.2 నానోమీటర్ల సన్నని గాడి ఒకటి ఏర్పడతాయి. చాలా ప్రోటీన్లు పోగులను విడదీయకుండానే వెడల్పు గాడిలోంచి క్షారాల అంచులను తడిమి వరుసను గుర్తుపడతాయి. ఇది ‘బీ’ రూపం. నీరు తగ్గినప్పుడు కనిపించే ‘ఏ’ రూపం, ఎడమచేతి మెలికైన ‘జెడ్’ రూపం కూడా ఉన్నాయి కాని, మొదటిసారి గీసేవారికి వాటి అవసరం లేదు.

కొలతలు చేతిలో ఉంటే లెక్కలు వాటంతటవే వస్తాయి. వెయ్యి జతల ముక్క 340 నానోమీటర్ల పొడవు, దాదాపు 95 చుట్లు ఉంటుంది. మనిషి జీనోమ్ (మొత్తం డీఎన్ఏ వరుస) ఒక ప్రతిలో సుమారు 310 కోట్ల జతలుంటాయి, అంటే మీటరుకు కొంచెం ఎక్కువ. కణానికి రెండు ప్రతులు కాబట్టి, రెండు మీటర్ల పోగు కొన్ని మైక్రోమీటర్ల వెడల్పున్న కేంద్రకంలో ఇమిడి ఉంటుంది.

గీతలోంచి ధర్మాలు

నీలి కలంతో పెట్టిన ఋణ గుర్తులను ముందుగా చూడండి. ఫాస్ఫేట్ తన హైడ్రోజన్‌ను చాలా తేలిగ్గా వదిలేస్తుంది, అందుకే దీని పూర్తి పేరు డీఆక్సీరైబోన్యూక్లిక్ ఆమ్లం. ఒంటినిండా ఋణావేశమున్న ఈ అణువు నీటిలో కరుగుతుంది, విద్యుత్ క్షేత్రంలో ధన ధ్రువం వైపు కదులుతుంది, ధనావేశమున్న లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువగా గల హిస్టోన్ ప్రోటీన్లకు చుట్టుకుంటుంది. ఉప్పు కలిపి ఆల్కహాల్ పోస్తే సోడియం అయాన్లు ఫాస్ఫేట్ల ఆవేశాన్ని కప్పేస్తాయి, అణువు ద్రావణం నుంచి తెల్లని దారాలుగా వేరుపడుతుంది. ఉప్పు లేని నీటిలో రెండు పోగులూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి, జంట తక్కువ వేడికే విడిపోతుంది.

తరువాత చుక్కల గీతలు. వేడి చేస్తే ఇవి తెగుతాయి, నిండు గీతలు తెగవు. అందుకే పోగులు విడిపోయినా వరుస చెక్కుచెదరదు, నెమ్మదిగా చల్లార్చితే మళ్లీ జతకడతాయి. సగం పోగులు విడిపోయే ఉష్ణోగ్రతను ద్రవీభవన ఉష్ణోగ్రత అంటారు. ఇరవై క్షారాల లోపు చిన్న ముక్కలకు, ఉప్పు ఎక్కువగా ఉన్న ద్రావణంలో, ఏ–టీ జతకు 2 డిగ్రీలు, జీ–సీ జతకు 4 డిగ్రీలు చొప్పున కూడితే ఉజ్జాయింపు విలువ వస్తుంది. చెరి పది జతలుంటే 60 డిగ్రీల సెల్సియస్. పొడవైన డీఎన్ఏకు ఈ సూత్రం పనిచేయదు. మరొక సంగతి: అణువును నిలబెట్టేది హైడ్రోజన్ బంధాలేనని అనుకోవడం సగం నిజమే. విడిపోయిన క్షారాలు అవే బంధాలను నీటితో కట్టుకోగలవు కాబట్టి, వాటివల్ల కలిగే నికర లాభం తక్కువ. బల్లపరుపు వలయాలు నీటిని బయటికి నెట్టి, నాణేల దొంతరలాగా ఒకదానిమీద ఒకటి పేరుకోవడం వల్లే జంటకు ఎక్కువ స్థిరత్వం వస్తుంది.

ఆ వలయాల్లోని ఎలక్ట్రాన్లే అతినీలలోహిత కాంతిని 260 నానోమీటర్ల వద్ద పీల్చుకుంటాయి. దొంతర విడిపోయినప్పుడు శోషణం సుమారు 40 శాతం వరకు పెరుగుతుంది. పోగులు విడిపోతున్న సంగతి దీన్నిబట్టే కొలుస్తారు. ఒక సెంటీమీటరు దారిలో శోషణం 1 అయితే జంట పోగుల డీఎన్ఏ మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములున్నట్టు లెక్క. ఇరవై రెట్లు పలుచన చేసిన నమూనాలో 0.3 వస్తే, అసలు నమూనాలో మిల్లీలీటరుకు 300 మైక్రోగ్రాములున్నట్టు. 260 వద్ద విలువను 280 వద్ద విలువతో భాగిస్తే శుద్ధమైన డీఎన్ఏకు దాదాపు 1.8 వస్తుంది, ప్రోటీన్ కలిసి ఉంటే అది తగ్గుతుంది.

ఇప్పుడు ఎర్ర సున్నా. అక్కడ ఒక హైడ్రాక్సిల్‌ను పెన్సిలుతో గీసి చూడండి. పక్కనే 3′ మీద ఫాస్ఫేట్ ఉంది. క్షారగుణమున్న ద్రావణంలో ఆ హైడ్రాక్సిల్ తన హైడ్రోజన్‌ను పోగొట్టుకొని పక్కనున్న ఫాస్ఫరస్ మీద దాడి చేస్తుంది, గొలుసు తెగిపోతుంది. ఆర్ఎన్ఏ క్షార ద్రావణంలో ముక్కలైపోవడానికి కారణం ఇదే. పెన్సిలు గీతను చెరిపేస్తే దాడి చేసేవారే లేరు. డీఎన్ఏ పోగులు అదే ద్రావణంలో విడిపోతాయి కాని తెగవు. వంశపారంపర్య సమాచారాన్ని దీర్ఘకాలం దాచవలసిన అణువుకు ఆ ఒక్క ఆక్సిజన్ లేకపోవడం ఎంత మేలు చేసిందో ఈ చిన్న గీత చూపినంత బాగా ఏ వివరణా చూపలేదని నా నమ్మకం.

ఆమ్లంలో బలహీనమైన చోటు వేరు. అక్కడ ప్యూరిన్‌కు, చక్కెరకు మధ్య ఉన్న గ్లైకోసిడిక్ బంధం ముందుగా తెగుతుంది. మామూలు పరిస్థితుల్లో కూడా ఇది నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. మనిషి కణం ఒక్కటి రోజుకు సుమారు 10,000 ప్యూరిన్లను ఇలా పోగొట్టుకుంటుందని అంచనా. డీఎన్ఏ ఇంత అస్థిరమైనదైతే కణం దాన్ని మరమ్మతు చేసుకుంటూ ఉండాలని వాదించి, ఆ మార్గాలను వెతికిన టోమస్ లిండాల్ 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఒకరు.

చివరగా సైటోసిన్ ముక్క తీసుకోండి. దాని 4వ స్థానంలోని ఎమైన్‌ను చెరిపి ఆక్సిజన్ పెట్టి, 3వ నైట్రోజన్ మీద ఒక హైడ్రోజన్ చేర్చండి. అది యురాసిల్ అయింది. నీటి చర్యవల్ల కణంలో ఈ మార్పు దానంతటదే జరుగుతుంటుంది. డీఎన్ఏలో సహజంగానే యురాసిల్ ఉండివుంటే, అసలు యురాసిల్ ఏదో చెడిపోయిన సైటోసిన్ ఏదో తేల్చడం కుదరదు. ఆ స్థానంలో 5వ కార్బన్ మీద మిథైల్ గుర్తున్న థైమిన్ ఉన్నందువల్ల, మరమ్మతు ఎంజైము మిథైల్ లేని ప్రతి యురాసిల్‌నూ పరాయిదిగా గుర్తించి తొలగించగలుగుతుంది. అయితే కణం కొన్ని సైటోసిన్లకు కూడా, ముఖ్యంగా వెంటనే గ్వానిన్ వచ్చే చోట, 5వ కార్బన్ మీద మిథైల్‌ను తగిలిస్తుంది. అలాంటి సైటోసిన్ మీద ఇదే మార్పు చేసి చూడండి: వచ్చేది యురాసిల్ కాదు, నిఖార్సైన థైమిన్. దాన్ని పసిగట్టడం ఎంజైములకు కష్టం కాబట్టి, తరతరాలుగా ఆ చోట్లు మారిపోతూ వచ్చాయి, మానవ జీనోమ్‌లో సైటోసిన్ వెంట గ్వానిన్ వచ్చే జంటలు లెక్క ప్రకారం ఉండవలసినన్ని లేకుండా అందులో దాదాపు ఐదో వంతే మిగిలాయి.